మైలేజీ ఎంత అని అడిగే ముందు

కొత్త కారు కొన్నామనగానే మన దగ్గర మొదట వచ్చే ప్రశ్న మైలేజీ ఎంత ఇస్తుందని. తర్వాత సన్‌రూఫ్ ఉందా, టచ్‌స్క్రీన్ ఎన్ని అంగుళాలు అంటారు. కారు గుద్దుకుంటే లోపలున్నవాళ్ల సంగతేమిటని అడిగేవాళ్లు తక్కువ. కార్లంటే ప్రాణం పెట్టే మనిషిగా ఈ వరసను తిరగెయ్యాలని నా వాదన. అందుకు అంకెలే నా ఆధారం.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది వేల మందికి పైగా, తెలంగాణలో దాదాపు ఏడున్నర వేల మంది. మృతుల్లో ఎక్కువ మంది బైకుల మీద వెళ్లేవాళ్లు, కాలినడకన పోయేవాళ్లే. సీటు బెల్టు పెట్టుకోకుండా ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు 16,715 మంది. ఈ అంకెను విడగొట్టి చూడాలి: డ్రైవర్లు 8,384, ప్రయాణికులు 8,331. అంటే చెరి సగం. ‘నేను నడపట్లేదుగా, నాకెందుకు బెల్టు’ అనుకునేవాళ్లకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

2022 సెప్టెంబర్ 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర జరిగిన ప్రమాదంలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయారు. కారు ఖరీదైనదే, ఎయిర్‌బ్యాగులూ ఉన్నాయి. ముందు సీట్లలోని ఇద్దరూ గాయాలతో బయటపడ్డారు. బెల్టు పెట్టుకోకుండా వెనక కూర్చున్న ఇద్దరూ ప్రాణాలు కోల్పోయారు.

ఎందుకలా? గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే మనకు నిదానమే. కానీ మూడంతస్తుల మేడ మీంచి పడే మనిషి నేలను తాకే వేగం కూడా దాదాపు అంతే. కారు ఆగిపోయినా లోపలి మనిషి అదే వేగంతో ముందుకు దూసుకుపోతాడు. ఒళ్లో పది కిలోల పసిబిడ్డ ఉందనుకోండి. ఆ వేగం సెకనులో పదో వంతులో సున్నాకు వస్తే, బిడ్డను పట్టి ఉంచడానికి 140 కిలోల బరువు మోసేంత బలం కావాలి. ఎంత తల్లి చేతులైనా అది కుదిరే పని కాదు. ముందు సీట్లో బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం చూసినప్పుడల్లా నాకు గుండె ఝల్లుమంటుంది. పిల్లలకు చైల్డ్ సీటు, అదీ వెనక సీట్లోనే బిగించాలి.

వెనక సీట్లో బెల్టు పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా చట్టంలో ఉంది. అయినా మనవాళ్లు బెల్టు పెట్టుకోవడం కన్నా బెల్టు పెట్టుకోమని మోగే అలారం నోరు నొక్కడానికే ఎక్కువ శ్రమపడతారు. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ ఆన్‌లైన్ అమ్మకాల సైట్ల నుంచి తీయించిన, బకిల్లో దూర్చి అలారం ఆపే క్లిప్పుల ప్రకటనలు 13,118.

ఇక కార్ల భద్రతకు ఇచ్చే స్టార్ల సంగతి. 2014లో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ తొలిసారి మన దేశపు చిన్న కార్లను గుద్ది పరీక్షించింది. ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో అయిదింటికీ పెద్దల భద్రతలో సున్నాయే వచ్చింది. కానీ అన్ని సున్నాలూ ఒకటి కావు. పోలో బాడీ షెల్ గట్టిగా నిలబడింది, లోపం ఎయిర్‌బ్యాగులు లేకపోవడం. రెండు బ్యాగులు పెట్టి మళ్లీ గుద్దితే నాలుగు స్టార్లు వచ్చాయి. ఆల్టో, నానో, ఐ10ల నిర్మాణమే కుంగిపోయింది, అలాంటి షెల్‌లో బ్యాగు పెట్టినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. అందుకే ‘ఆరు ఎయిర్‌బ్యాగులు సార్’ అని సేల్స్ కుర్రాడు చెబితే సరిపోదు. షెల్ నిలుస్తుందా అన్నది ముందు ప్రశ్న. 2018లో టాటా నెక్సాన్ అయిదు స్టార్లు తెచ్చుకున్న తర్వాత కంపెనీలు ఈ సంగతి పట్టించుకోక తప్పలేదు.

2023 అక్టోబర్ నుంచి మనకు సొంతంగా భారత్ ఎన్‌క్యాప్ ఉంది. కారును 64 కిలోమీటర్ల వేగంతో ముందు నుంచి ఒక పక్కగా అడ్డానికి గుద్దుతారు. అయిదు స్టార్లు రావాలంటే పెద్దల భద్రతలో 32కు కనీసం 27, పిల్లల భద్రతలో 49కి 41 మార్కులు రావాలి. స్టార్లు మాత్రమే చూసి ఊరుకోకండి, ఈ రెండు మార్కులూ అడగండి. బడ్జెట్ ఒకటే అయితే, స్టార్లు లేని కారు టాప్ మోడల్ కన్నా అయిదు స్టార్ల కారు కింది మోడల్ కొనడం మేలని నా గట్టి అభిప్రాయం.

అయితే ఆ పరీక్ష వేగం 64. మనం హైవే మీద పోయేది 100. పొడి రోడ్డు, మంచి టైర్లు, బ్రేకు తొక్కడానికి ఒక సెకను పట్టిందనుకుని లెక్క వేస్తే, 80లో పోయే కారు ఆగడానికి 57 మీటర్లు కావాలి. 100లో పోయే కారుకు 83. మొదటి కారు పూర్తిగా ఆగిన చోట రెండో కారు ఇంకా 68 కిలోమీటర్ల వేగంలో ఉంటుంది. అంటే ఎన్‌క్యాప్ పరీక్షను మించిన వేగం! ఈ అదనపు వేగంతో దక్కే లాభమెంత? హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు. 80కి బదులు 100లో ఎక్కడా ఆగకుండా పోయినా మిగిలేది 40 నిమిషాలు. టోల్ గేట్లూ టీ బంకులూ అందులో సగం తినేస్తాయి.

డబ్బు లెక్కలోనూ ఒక ప్రమాదం ఉంది. ఎక్స్ షోరూం ధర 9 లక్షలు, మొత్తం అప్పే, వడ్డీ 9 శాతం అనుకుందాం. ఏడేళ్లకు ఈఎంఐ 14,480, అయిదేళ్లకు 18,683. నెలకు నాలుగు వేలు తగ్గిందని ఏడేళ్లకు మొగ్గితే వడ్డీ కింద సుమారు 95 వేలు అదనంగా కట్టాలి. అసలు చిక్కు ఇంకోటి. మూడేళ్లు నిండాక బీమా లెక్కలో కారు విలువ 40 శాతం తగ్గి 5.4 లక్షలవుతుంది. ఏడేళ్ల అప్పులో అప్పటికి ఇంకా 5.82 లక్షలు బాకీ ఉంటుంది. ఆ ఏడాది కారు నుజ్జయితే బీమా డబ్బంతా బ్యాంకుకు పోయి, పైన 42 వేలు మీరు కట్టాలి. అయిదేళ్ల అప్పులో బాకీ 4.09 లక్షలే. అయిదేళ్ల ఈఎంఐ భరించలేమనిపిస్తే ఆ కారు మన స్థాయికి పెద్దదన్నమాట. కింది కారు చూసుకోవాలి.

టైర్ల దగ్గర పొదుపు వద్దు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చాల్సిందే. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. గాలి పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఎంత పెట్టాలో డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కరే చెబుతుంది.

ఇవాళే ఒక పని చేయండి. మీ కారు సీటు కవర్ల కింద దూరిపోయిన వెనక బెల్టుల బకిళ్లను పైకి తీయించండి, అలారం క్లిప్పుంటే పారేయండి. ఇకపై వెనక కూర్చున్న అందరూ, అమ్మమ్మతో సహా, బెల్టు పెట్టుకునేదాకా బండి కదపకండి.