అదే బండ... అదే కొండ... మంచేది?

ఎవరెస్ట్ ఎక్కితే చాలు, జన్మ ధన్యమనుకుంటారు ఎవరైనా. అమెరికాకు చెందిన డేవిడ్ బ్రెషియర్స్ ఒకటికి ఐదుసార్లు ఎక్కాడు. 1983లో శిఖరం మీది నుంచి టీవీకి దృశ్యాలు పంపిందీ, భారీ ఐమాక్స్ కెమెరాని అక్కడిదాకా చేర్చి 'ఎవరెస్ట్' సినిమా తీసిందీ ఆయనే. అలాంటి మనిషి 2007 నుంచి ఓ వింత పని పెట్టుకున్నాడు. పాత ఫొటో చేత్తో పట్టుకుని, అది తీసినచోటు ఎక్కడా అని హిమాలయాల్లో వెతుక్కోవడం!

ఆ ఫొటో 1921 నాటిది. ఎవరెస్ట్‌కి దారి వెతుకుతూ టిబెట్ వైపు నుంచి వెళ్లిన బ్రిటిష్ బృందంలోని జార్జ్ మలోరీ తీశాడు. (పాపం, గాజు ప్లేట్లను కెమెరాలో తిరగేసి పెట్టడంతో ఆయన ఫొటోలెన్నో పాడైపోయాయి. మళ్లీ కొండలెక్కి తీయాల్సి వచ్చింది.) అందులో రొంగ్‌బుక్ హిమానీనదం ఒడ్డు తన్నుకుంటూ మెలికలు తిరిగి కనిపిస్తుంది.

అదే చోటు నుంచి మళ్లీ తీయడం అనుకున్నంత సులువు కాదు. నాలుగడుగులు పక్కకి జరిగినా ముందున్న బండ, వెనకున్న శిఖరం ఒకే వరసలోకి రావు. ఆ రెండూ కలిసేదాకా ఆ ఎత్తులో, ఆయాసపడుతూ నడవాల్సిందే. తీరా కలిశాక చూస్తే... శిఖరం అలాగే ఉంది. కింద మంచు మాత్రం దాదాపు 320 అడుగులు దిగిపోయింది. అంటే సుమారు 30 అంతస్తుల భవనమంత!

తర్వాత ఆయన 'గ్లేసియర్‌వర్క్స్' అనే సంస్థ పెట్టాడు. అదే 1921 బృందంలోని సర్వేయర్ వీలర్ (తర్వాత మన సర్వేయర్ జనరల్ అయ్యింది ఈయనే) తీసిన క్యెత్రాక్ ఫొటోకీ 2009లో జంట తీశాడు. అక్కడా మంచు బాగా వెనక్కి పోయింది. లెక్కలూ గ్రాఫులూ తలకెక్కనివారికి కూడా ఈ జంట ఫొటోలు ఇట్టే అర్థమవుతాయి. 2024 మార్చిలో, 68వ ఏట బ్రెషియర్స్ కన్నుమూశాడు.

ఎక్కడో టిబెట్‌లో మంచు కరిగితే మనకేం అనుకోవద్దు. రొంగ్‌బుక్ నీళ్లు అరుణ్ నదిలో కలిసి, కోసీగా బీహార్‌లోకి వచ్చి గంగలో చేరతాయి. కరిగేకొద్దీ మొదట్లో నీళ్లు ఎక్కువే వస్తాయి, తరగాల్సినంత తరిగాకే కరవు. ఈలోగా మంచు ఖాళీ చేసినచోట సరస్సులు ఏర్పడతాయి. 2023 అక్టోబరులో సిక్కింలో అలాంటి దక్షిణ లొనాక్ సరస్సే పొంగి, తీస్తా మీది చుంగ్‌తాంగ్ ఆనకట్టను రాత్రికి రాత్రే ఊడ్చేసింది.