నల్లని పొడికి లేజరు పరీక్ష

కర్బన పరమాణువులు షడ్భుజములుగా అల్లుకొన్న పలుచని పొర గొట్టమువలె చుట్టుకొన్నచో దానిని కర్బన నానోనాళము అందురు. 1991లో జపాను శాస్త్రజ్ఞుడు సుమియో ఇజిమా వీటిని వర్ణించిన నాటినుండి వీటిపై పరిశోధన విస్తరించినది. ఒంటిపొర నాళపు వ్యాసము ఇంచుమించు ఒక నానోమీటరు, అనగా మీటరులో వందకోట్లవ వంతు. కాని ప్రయోగశాలకు చేరునది నల్లని పొడి మాత్రమే. అందులో నాళములతోబాటు దీపపు మసివంటి క్రమరహిత కర్బనము, తయారీలో ఉత్ప్రేరకములుగా వాడిన ఇనుము, కోబాల్టు, నికెలు వంటి లోహముల రేణువులు కలిసియుండును. బియ్యములో రాళ్ళను ఏరినట్లు వీటిని కంటితో ఏరుటకు వీలులేదు.

ఇందుకు తోడ్పడునది రామన్ ఫలితము. ఒకే రంగుగల లేజరు కాంతి పొడిపై పడి చెదరినపుడు దాదాపు అంతయు అదే రంగుతో తిరిగివచ్చును. అత్యల్పభాగము మాత్రము పరమాణు కంపనములకు కొంత శక్తిని ఇచ్చియో, వాటినుండి గ్రహించియో రంగు మార్చుకొనును. ఆ మార్పును తరంగసంఖ్యలో, అనగా ఒక సెంటీమీటరులో ఇమిడెడు తరంగముల లెక్కలో, కొలుతురు.

ఈ విద్య మన ప్రాంతమునకు పరాయిది కాదు. 1928లో సర్ సి. వి. రామన్ దీనిని కనుగొనగా, ఆయనతో కలిసి పనిచేసిన సూరి భగవంతం నాటి కృష్ణా జిల్లాలోని ఆగిరిపల్లివారు. మన తిరువూరు కూడ నాడు ఆ జిల్లాలోనిదే. కాంతి పరిక్షేపణముపై ఆయన రచించిన గ్రంథమును ఆంధ్ర విశ్వవిద్యాలయము 1940లో ప్రకటించినది. నాటివారికి పాదరస దీపమే ఆధారము. లేజరు 1960లో గాని రాలేదు.

నానోనాళముల వర్ణపటములో 1590 దరిదాపుల 'జి' అను ఉన్నత శిఖరము కనిపించును. అది క్రమముగా అల్లుకొన్న కర్బనమునకు గుర్తు. 1350 వద్ద 'డి' శిఖరము అల్లికలోని లోపములకు గుర్తు. 100 మొదలు 300 వరకుగల భాగములో, నాళము ఊపిరి తీసినట్లు ఉబ్బి తగ్గెడు కంపనము కనిపించును. సుమారు 248ని ఆ తరంగసంఖ్యతో భాగించినచో వ్యాసము నానోమీటర్లలో వచ్చును. ఇంత సూక్ష్మవస్తువును ఒక్క భాగహారముతో కొలువగలుగుట నాకు నేటికిని ఆశ్చర్యమే.

'డి'ని 'జి'తో భాగించగా వచ్చు నిష్పత్తి ఎంత తక్కువైన పొడి అంత శుద్ధమని సాధారణముగా చెప్పుదురు. ఇచ్చటనే మెలకువ వలయును. 'డి' శిఖరము మసివలనను పెరుగును, నాళపు గోడలోని గాయములవలనను పెరుగును. లోహములను తొలగించుటకు ఆమ్లముతో కడిగిన పొడి శుద్ధమైనను, ఆ ఆమ్లమే గోడలను గాయపరచినచో నిష్పత్తి పెరుగవచ్చును. ఒక్కొక్క లేజరు రంగు తనకు అనుకూలమైన వ్యాసముగల నాళములనే ప్రస్ఫుటముగా చూపును. రంగు మార్చిన 'డి' స్థానమే జరుగును. కావున ఒకే లేజరుతో, పొడిలో పలుచోట్ల చూచిన కొలతలనే పోల్చవలెను. కాంతి తీవ్రత హెచ్చైనచో పొడి వేడెక్కి 'జి' కూడ క్రిందికి జారును.

అన్నిటికంటె ముఖ్యముగా, ఆ రెండు శిఖరములు లోహమెంత ఉన్నదో చెప్పజాలవు. మిగిలిన లోహము జీవకణములకు హాని చేయగలదు. ఈ నిష్పత్తి ఒక్కటే ముద్రించిన ధ్రువపత్రమును నమ్మి పొడిని వైద్యప్రయోగములకు వాడుట నాకు సమ్మతము కాదు. దానిని గాలిలో పూర్తిగా కాల్చి బూడిదను తూచవలెను. ఉత్ప్రేరకము ఇనుమైనచో మిగులునది ఎఱ్ఱని ఐరన్ ఆక్సైడు; అందు ఇనుము నూటికి 70 పాళ్ళు. 10 మిల్లీగ్రాముల పొడినుండి 1 మిల్లీగ్రాము బూడిద మిగిలినచో, ఆ పొడిలో నూటికి 7 పాళ్ళు ఇనుమే.