గిగాహెర్ట్జ్ ఎక్కువుంటే వేగం ఎక్కువా?

పుదుచ్చేరి వైట్ టౌన్‌లోని ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేల తాళపత్ర గ్రంథాలున్నాయి. అలాంటి ఆకుల ఫొటోలు వెయ్యి ఉన్నాయనుకోండి. అన్నిటి సైజూ తగ్గించాలి. ఏ ప్రాసెసర్ ముందు ముగిస్తుంది?

పెట్టె మీది అంకె చూస్తే 3.8 గిగాహెర్ట్జ్ పెంటియమ్ 4దే గెలుపనిపిస్తుంది. 2006లో వచ్చిన కోర్ 2 డుయో ఈ6600ది 2.4 మాత్రమే. అయినా గెలిచేది ఇదే!

ఎందుకు? గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు వంద కోట్ల టిక్కులు. ఒక్కో టిక్కుకు ఎంత పని తెములుతుందో ఆ అంకె చెప్పదు. ఆ పెంటియమ్‌లో ఒక్కో ఆదేశం 31 దశలు దాటాలి. కోర్ 2లో 14 చాలు. ప్రోగ్రామ్‌లో దారి రెండుగా చీలే చోట ప్రాసెసర్ ఏదో ఒకటి ముందే ఊహించి పరుగెడుతుంది. ఊహ తప్పిందా, చేసిందంతా పారేసి మళ్లీ మొదలు. దశలు ఎక్కువైతే నష్టమూ ఎక్కువే. పైగా కోర్ 2 డుయోలో కోర్లు రెండు. చెరి అయిదొందల ఫొటోలు పంచుకుంటాయి, సాఫ్ట్‌వేర్‌కు పంచడం చేతనైతేనే సుమా!

మీరూ పోల్చాలంటే అవే ఫొటోలు, అదే సాఫ్ట్‌వేర్, అంతే ర్యామ్ ఉండాలి. మరీ వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే నెమ్మదిస్తుంది. కాబట్టి ఒకదాన్ని ఏసీ గదిలో, మరోదాన్ని మే నెల ఉక్కలో పెట్టి పరీక్షిస్తే అది పోటీయే కాదు.