పేరు పలకమీది కెక్కక ముందు

సింగపూరులోని రాఫిల్సు ఇన్‌స్టిట్యూషను 1823వ సంవత్సరమున స్థాపింపబడి మగపిల్లల పాఠశాలగా పేరుగాంచినది. అచట చదివి కీర్తి గడించినవారు పెక్కుమంది కలరు. వారిలో మొదటితరమున మిక్కిలి గౌరవముతో చెప్పుకొనబడు పేరు లిం బూన్ కెంగ్ అను చీనా బాలునిది. 1887లో నతడు రాణీగారి విద్యార్థివేతనమును సంపాదించెను. చీనాజాతివారిలో దానిని పొందిన మొదటివా డతడే. బహుమాన దినమున చప్పట్లు కొట్టుటకు అందరును వత్తురు. కాని యీ బాలుని కథలో చప్పట్లకు ముందు జరిగిన సంగతి యొకటి కలదు. కూలిడబ్బులతో సంసార మీదుకొని వచ్చు తల్లిదండ్రులకు ఆ సంగతియే ముఖ్యము.

బూన్ కెంగ్ చదువు ముగియకమునుపే తండ్రి కాలము చేసెను. యజమాని పోయిన యింటిలో చేతికెదిగిన కొడుకు పుస్తకము పట్టుకొని కూర్చుండుట యెంత కష్టమో తోటలలోని కుటుంబములకు వేరుగ చెప్ప బనిలేదు. అట్టి బాలుడు ఒకదినము బడికి బోయెననగా ఆ దినపు కూలి యింటికి రాలేదన్నమాటయే. బూన్ కెంగ్ చదువు కంతటితో స్వస్తి చెప్పవలసిన స్థితి యేర్పడెను. అప్పుడు ప్రధానోపాధ్యాయుడగు హల్లెట్ దొరగారు అడ్డుపడి, చదువు మానవద్దని నచ్చజెప్పి, బాలుని బడిలో నిలిపిరి. ఆయన 1871 మొదలు 1906 వరకు ఆ పాఠశాలకు పెద్దగా నుండిరి. చెట్లు చేమలను శాస్త్రరీత్యా పరిశోధించుటయందు మక్కువ గలవారు. ఒక చెట్లజాతికి హల్లెటియా యని ఆయన పేరే పెట్టబడినది. ఆకును చూచి జాతిని గుర్తించు కన్ను బాలురను గుర్తించుటకును పనికివచ్చినట్లున్నది.

ఆ వేతనమనగా నేమో కొంచెము చెప్పవలెను. సర్ సెసిల్ క్లెమెంటి స్మిత్ దొరగారి పూనికచే 1885లో అది యేర్పడినది. సింగపూరు, పినాంగు, మలక్కా ప్రాంతముల పాఠశాలలలో పరీక్షయందు శ్రేష్ఠులుగా తేలినవారిని దొరతనమువారి ఖర్చుమీద ఇంగ్లండు, స్కాట్లండు విశ్వవిద్యాలయములకు పంపుచుండిరి. ఏటికి ఒకరిద్దరికే అది దక్కెడిది. బూన్ కెంగ్ ఎడింబరో నగరమునకు బోయి వైద్యము చదివి, 1892లో మొదటి తరగతిలో పట్టముపొంది, మరుసటి సంవత్సరము సింగపూరునకు తిరిగివచ్చెను.

ఎడింబరోలో నతనికి జరిగిన పరాభవమొకటి కలదని చెప్పుదురు. అచటి యుపన్యాసకు డొకడు చీనా లిపిలో వ్రాసిన కాగితపుచుట్ట నొకదానిని తెచ్చి, దీనియర్థ మేమని యడిగెనట. రాణీగారి వేతనమును గెలిచిన యా యువకుడు తన పెద్దల భాషలోని యక్షరములను చదువలేక తలవంచుకొనెను. ఇంగ్లీషులో నంతటివాడైన బాలునికి ఇంటిభాష రాకపోవుట పాఠశాలవారి పరీక్షలో తప్పుగా లెక్కకు రాలేదు. ఏ బహుమానపు పట్టికలోను దానికి గడి లేకుండెను. ఆ సిగ్గును బూన్ కెంగ్ మరచిపోలేదు. పట్టుదలతో చీనాభాష నేర్చుకొనెను. పిదప చూ యువాన్ అను ప్రాచీనకవి రచించిన లీసావ్ కావ్యమును ఇంగ్లీషులోనికి మార్చి 1929లో ప్రకటించెను. 1921 నుండి 1937 వరకు చీనాదేశమందలి అమోయ్ విశ్వవిద్యాలయమునకు అధ్యక్షుడుగా నుండెను. పిల్లవాడు ఇంగ్లీషు మాటలాడుచుండగా విని పొంగిపోవు తండ్రులు, ఆ పిల్లవాడే తాతగారి యుత్తరమును చదువగలడా యని ఒకమారు పరీక్షించి చూచుకొనుట మంచిది.

1888లో అదే పాఠశాలనుండి సాంగ్ ఆంగ్ సియాంగ్ అను బాలు డా వేతనమును గెలిచి కేంబ్రిడ్జిలో న్యాయశాస్త్రము చదివెను. ఈ యిద్దరు స్నేహితులును 1899లో సింగపూరునందు చీనా బాలికల పాఠశాలను స్థాపించుటకు పూనుకొనిరి. మగపిల్లలకు దొరకిన గౌరవము తమ యాడుపడుచులకు దొరకకపోవుట వారి కంటబడకపోలేదు.

పినాంగులో 1816లోనే స్థాపింపబడిన ఫ్రీ స్కూలునకును ఇట్టి ఖ్యాతియే కలదు. ఒక కంసాలి కుమారుడగు వూ లియెన్ తే 1896లో అచటినుండి వేతనమును గెలిచి కేంబ్రిడ్జికి బోయి వైద్యుడయ్యెను. 1910వ సంవత్సరాంతమున మంచూరియాలో ఊపిరితిత్తులకు సోకు ప్లేగు చెలరేగినప్పుడు ఆయన హార్బిన్ పట్టణమునకు బోయి, ఆ తెగులు రోగి యూపిరివలననే వ్యాపించునని గ్రహించి, బట్టయు దూదియు గలిపి ముక్కునకు నోటికి కట్టించెను. సుమారు 60,000 మంది ప్రాణములు గొన్న యా వ్యాధి 1911 వసంతకాలమున అణగినది. లిం బూన్ కెంగ్, వూ లియెన్ తే తోడల్లుళ్లు కూడ, అక్కచెల్లెండ్రను వివాహమాడిరి.

ఇంతచేసినను ఆ వేతనమును ఆక్షేపించినవారు లేకపోలేదు. ఉపాధ్యాయుల దృష్టియంతయు తెలివిగల ఒకరిద్దరిమీదనే నిలిచి, తక్కిన తరగతి వెనుకబడుచున్నదని వారు వాదించిరి. 1911లో వేతనము నిలుపబడెను; 1924లో మరల నియ్యబడెను. ఆ యాక్షేపణలో న్యాయము లేకపోలేదు. కాని మాన్పుటవలన వెనుకబెంచీలవారు ముందునకు వచ్చిరనుటకును ఆధారము కనబడదు.

తోటల పిల్లల స్థితి ఇంకను వేరు. మలయాలో 1923 నాటి కార్మికశాసనము, ఏడు మొదలు పదునాలుగేండ్లలోపు వయసుగల పిల్లలు పదిమంది యున్న తోటలో యజమాని బడి పెట్టవలెనని విధించెను. దిగువ పేరాకులోని కొబ్బరితోటలలో తెలుగు కుటుంబములు విస్తారముగ నుండెడివి. తోటబడిలో స్వభాషలో చిన్నతరగతులే చెప్పబడెడివి. ఇంగ్లీషు పాఠశాలలు పట్టణములలో నుండెడివి. తోటబడిలో మొదటివాడుగా నిలిచిన పిల్లవాడు మరునాడు ఆ తెలివిని ఎక్కడికి తీసికొని పోవలెను? ఎక్కువమందికి రబ్బరుచెట్ల వరుసలే జవాబు. పరీక్షలో వారు ఓడిపోయిరని యనరాదు, పరీక్షగది వాకిలినే వారు చూడలేదు. వారిలో నెందరు బూన్ కెంగులుండిరో లెక్క వ్రాసినవారు లేరు. తండ్రి పోయిననాడు ఆ చీనాబాలునికి అడ్డుపడిన హల్లెట్ దొరవంటివారు తోటబడులలో నెందరుందురు? కంగాణి లెక్కపుస్తకములో పిల్లవాని పేరు చేరకమునుపు, వీడు చదువదగినవాడని తల్లితో చెప్పగల మనిషి యొకడు కావలెను. అతడు పంతులు కావచ్చును, గుమాస్తా కావచ్చును, పొరుగింటి పెద్దమనిషియైనను కావచ్చును.

హల్లెట్ దొరగారు పని విరమించిన చాలకాలమునకు, 1923లో, రాఫిల్సు ఇన్‌స్టిట్యూషనులో గ్రంథాలయ మొకటి తెరవబడెను. దానిని పూనుకొని యేర్పరచిన పూర్వవిద్యార్థులలో లిం బూన్ కెంగును సాంగ్ ఆంగ్ సియాంగును ఉండిరి. దానికి వారు తమ పేర్లు పెట్టుకొనలేదు. హల్లెట్ స్మారక గ్రంథాలయమని పేరుపెట్టిరి.