పిల్లలు ఎత్తు పెరగట్లేదా? తలకు ఎంఆర్ఐ ఎందుకు తీస్తారంటే..

పిల్లలు పొట్టిగా ఉంటే ‘వాళ్లే పెరుగుతారులే’ అని చాలామంది పేరెంట్స్ వదిలేస్తుంటారు. కానీ నాలుగేళ్లు దాటిన పిల్లలు ఏడాదికి 5 సెంటీమీటర్లు కూడా పెరగకపోతే డాక్టర్‌కు చూపించాల్సిందే.

రక్తపరీక్షల్లో గ్రోత్ హార్మోన్ తక్కువని తేలితే పిట్యూటరీ ఎంఆర్ఐ రాస్తారు. మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే ఈ గ్రంథే ఆ హార్మోన్‌ను తయారు చేస్తుంది. గ్రంథి మరీ చిన్నగా ఉందా, దాన్ని మెదడుతో కలిపే కాడ సన్నబడిందా, కణితి ఏమైనా ఉందా అన్నది స్కాన్‌లో కనిపిస్తుంది. కణితి ఉంటే ముందు దాని సంగతే చూస్తారు. హార్మోన్ ఇంజెక్షన్ల మాట ఆ తర్వాతే.

అయితే స్కాన్ నార్మల్‌గా వచ్చినంత మాత్రాన హార్మోన్ లోపం లేదని కాదు. ఈ స్కాన్‌లో రేడియేషన్ భయం లేదు. ఎముకల చివర ఉండే గ్రోత్ ప్లేట్లు మూసుకుపోతే మాత్రం ఇంజెక్షన్లు ఇచ్చినా ఎత్తు పెరగరు. అందుకే ఆలస్యం చేయొద్దు.