పచ్చిక కింద దాగిన వేరు పురుగుకు నులిపురుగులతో కళ్లెం

క్రీడా మైదానాల్లో, ఉద్యానవనాల్లో పచ్చిక అక్కడక్కడా పసుపు బారి ఎండిపోతే నీటి ఎద్దడే కారణమని భావించడం సహజం. నీరు పెట్టినా తేరుకోకపోతే, ఎండిన చోట గడ్డిని చేత్తో లాగి చూడాలి. చాప చుట్టినట్టు తేలికగా పైకి లేచిందంటే నేలలో వేరు పురుగు చేరి ఉండవచ్చు. పెంకు పురుగుల లార్వా అయిన ఇది తెల్లగా, లావుగా, కొడవలిలా వంగి ఉంటుంది. మట్టిలో దాగి వేర్లను కొరికేస్తుంది కాబట్టి పైన చల్లిన రసాయన మందు దానికి సరిగా అందదు. మోతాదు పెంచితే పిల్లలు ఆడుకునే నేలలో విషం మిగిలే ప్రమాదం ఉంది.

దీనికి ప్రత్యామ్నాయం మేలు చేసే నులిపురుగులు. నులిపురుగు అనగానే రైతులకు టమాట, వంగ వేర్లపై బుడిపెలు కలిగించే శత్రువే గుర్తుకొస్తుంది. ఇవి ఆ కోవకు చెందినవి కావు. మొక్కల జోలికి పోకుండా కీటకాలనే ఆశ్రయిస్తాయి.

సుమారు అర మిల్లీమీటరు పొడవుండే ఈ జీవులు మట్టి రేణువుల మధ్య నీటి పొరలో కదులుతూ లార్వాను చేరి, దాని శరీరంలోకి ప్రవేశిస్తాయి. తమ పేగులోని బ్యాక్టీరియాను అక్కడ విడుదల చేస్తాయి. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో లార్వా చనిపోతుంది. ఆ కళేబరంలోనే నులిపురుగులు వృద్ధి చెంది, కొత్త తరం మళ్లీ మట్టిలోకి వస్తుంది. మనుషులకు, పశువులకు, వానపాములకు వీటివల్ల హాని లేదు.

ఈ పద్ధతికి, పచ్చికకు పాత సంబంధమే ఉంది. 1929లో అమెరికాలోని న్యూజెర్సీలో, ఒక గోల్ఫ్ మైదానంలో చనిపోయిన జపనీస్ బీటిల్ లార్వాల్లో రుడాల్ఫ్ గ్లేసర్ అనే శాస్త్రవేత్త ఇలాంటి నులిపురుగులను గుర్తించారు. మన దేశంలో కోయంబత్తూరు ప్రాంతంలో లభించిన జాతికి 1992లో ‘హెటెరోరాబ్డైటిస్ ఇండికా’ అని పేరు పెట్టారు. వేడిని తట్టుకోగల ఈ జాతితో బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ పొడి రూపంలో మందును రూపొందించింది. వేరుశనగ, చెరకు పంటలకు కూడా వేరు పురుగు బెడద ఉన్నందున ఇది రైతులకూ ఉపయోగకరమే.

అయితే ఇవి ప్రాణమున్న జీవులన్న సంగతి మరచిపోతే ఫలితం దక్కదు. ఎండ తగిలినా, నేల పొడిబారినా త్వరగా చనిపోతాయి. అందుకే సాయంత్రం వేళ, ముందుగా నేలను తడిపి చల్లాలి. వెంటనే మళ్లీ నీరు పెట్టి, గడ్డిపై నిలిచినవి మట్టిలోకి దిగేలా చూడాలి. ఆ తర్వాత కొద్ది రోజులు తేమ ఆరనివ్వకూడదు. స్ప్రేయరులోని సన్నని వడపోత జాలీలను ముందే తీసివేయాలి. ఎకరాకు సుమారు 100 కోట్ల నులిపురుగులు వాడటం సాధారణ మోతాదు. ప్యాకెట్‌ను చల్లని చోట ఉంచి, గడువులోగా వినియోగించాలి.

సమయమూ ముఖ్యమే. తొలకరి వానలకు పెంకు పురుగులు బయటికి వచ్చి మట్టిలో గుడ్లు పెడతాయి. కొద్ది వారాల్లో కనిపించే చిన్న లార్వాలు సులభంగా లొంగుతాయి. బాగా ఎదిగినవి తట్టుకుంటాయి. పచ్చిక ఎండేదాకా వేచి ఉండకుండా, వానల తర్వాత అక్కడక్కడా మట్టిని తవ్వి పరిశీలిస్తే సకాలంలో నివారణ సాధ్యమవుతుంది.