పాత కారు స్టార్ట్ చేస్తే వింత శబ్దమా? మెకానిక్ దగ్గరకు వెళ్లే ముందు ఇవి గమనించండి

పొద్దున ఆఫీసుకు బయల్దేరి సెల్లార్‌లో కారు తాళం తిప్పారు. నిన్నటిదాకా లేని శబ్దం. టకటకమనో, గరగరమనో, కీచుమనో. రెండోసారి తిప్పితే బండి స్టార్ట్ అయింది, శబ్దం పోయింది. సాయంత్రం మెకానిక్‌కు చూపిస్తే అక్కడ నిక్షేపంగా స్టార్ట్ అవుతుంది. ‘సౌండేం లేదు కదా సార్’ అంటాడాయన. లేదా ఎందుకైనా మంచిది, సెల్ఫ్ మోటార్ మార్చేద్దామంటాడు.

ఇందులో మెకానిక్‌ను తప్పుపట్టడానికి పెద్దగా లేదు. స్టార్టింగ్ శబ్దాల్లో చాలావాటికి ఇంజిన్ చల్లగా ఉండాలి. రాత్రంతా ఆగిన బండిలో పైభాగాల నుంచి ఆయిల్ కిందికి దిగిపోతుంది. బలహీనపడ్డ బ్యాటరీ ఇంకాస్త నీరసిస్తుంది. గ్యారేజీ దాకా నడిపేసరికి ఆ పరిస్థితే ఉండదు.

కాబట్టి మర్నాడు పొద్దున బండి కదిలించకముందే బానెట్ ఎత్తండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంట్లో ఇంకొకరిని తాళం తిప్పమనండి. మీరు పక్కకు నిలబడి ఫోన్‌లో వీడియో తీయండి. చేతులు, చున్నీ, మెడలోని గొలుసు బెల్టులకు, ఫ్యానుకు దూరంగా ఉండాలి. ఒక్క నిమిషం వీడియో చాలు. శబ్దం ఇంజిన్ అందుకోకముందు వచ్చిందా, అందుకున్నాక వచ్చిందా, ఎన్ని సెకన్లు ఉంది అనేది అందులో తెలిసిపోతుంది. సగం జబ్బు అక్కడే దొరుకుతుంది.

ఇంజిన్ అందుకోకముందే శబ్దం వస్తే

తాళం తిప్పగానే వరసగా ‘టకటకటక’ అని, ఇంజిన్ తిరగడం లేదంటే ముందుగా అనుమానించాల్సింది బ్యాటరీని. సెల్ఫ్ మోటార్ మీద ఉండే సోలెనాయిడ్ కరెంటు అందగానే లోపలికి లాక్కుంటుంది. మోటార్ కరెంటు లాగేసరికి వోల్టేజీ పడిపోయి అది వదిలేస్తుంది. మళ్లీ లాక్కుంటుంది, మళ్లీ వదిలేస్తుంది. ఆ టకటక అదే.

ఒకే ఒక్కసారి ‘టక్’ అని ఆగిపోతే అనుమానం సెల్ఫ్ మోటార్ మీదికి మళ్లుతుంది. ఈ రెండింటినీ విడదీయడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి. లైట్లు బాగా మసకబారితే బ్యాటరీ లేదా దాని కనెక్షన్లు. లైట్లు అలాగే వెలుగుతూ ‘టక్’ మాత్రమే వినిపిస్తే సెల్ఫ్ మోటార్ లేదా దాని వైరింగ్.

కనెక్షన్లు అన్నది ఊరికే కాదు. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటే బ్యాటరీ కొత్తదైనా కరెంటు సరిగ్గా వెళ్లదు. నా పాత బండికి ఒకసారి సెల్ఫ్ మోటార్ మార్పించాక కూడా అదే టకటక వినిపించింది. చివరికి చూస్తే నెగటివ్ టెర్మినల్ వదులు. పది నంబర్ స్పానర్‌తో అయిపోయే పనికి ఎంత పోసానో చెప్పుకోవడం ఇప్పటికీ ఇష్టం ఉండదు. కేబుళ్లు విప్పాల్సి వస్తే ముందు నెగటివ్ తీయాలి. వంటసోడా కలిపిన నీళ్లతో టెర్మినళ్లు తుడిచి, ఆరాక బిగించాలి. బిగించేటప్పుడు నెగటివ్ చివరన.

చవకైన మల్టీమీటర్ ఉంటే ఇంకా మంచిది. రాత్రంతా ఆగిన బండిలో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తే ఛార్జి నిండుగా ఉన్నట్టు, 12 కంటే తక్కువంటే దాదాపు ఖాళీ. స్టార్ట్ అయ్యాక సుమారు 14 చూపించాలి. అప్పుడు కూడా 12 దగ్గరే ఉంటే కొత్త బ్యాటరీ కొన్నా లాభం లేదు, ఆల్టర్నేటర్ ఛార్జి చేయడం లేదని అర్థం.

ఇనుము మీద ఇనుము రాసినట్టు ‘గర్ర్’మంటే సంగతి వేరు. సెల్ఫ్ మోటార్ చివర ఉండే చిన్న పళ్లచక్రం, ఇంజిన్ ఫ్లైవీల్ చుట్టూ ఉండే పెద్ద పళ్లచక్రంతో సరిగ్గా కలవడం లేదు. మెకానిక్‌లు బెండిక్స్ పోయిందంటారు. మోటార్ జుయ్యిమని ఒట్టిగా తిరిగి, ఇంజిన్ కదలకపోయినా అనుమానం దానిమీదే. గరగర వస్తున్నప్పుడు మళ్లీ మళ్లీ తిప్పకండి. ఇప్పుడైతే పోయేది సెల్ఫ్ మోటార్‌లోని ఒక భాగం. ఫ్లైవీల్ పళ్లు కూడా అరిగితే గేర్‌బాక్స్ దించాలి, ఖర్చంతా ఆ కూలీలోనే ఉంటుంది.

సెల్ఫ్ మోటార్ మొత్తం మార్చాలని ఎవరైనా అంటే, కార్బన్ బ్రష్‌లు, బుష్‌లు, బెండిక్స్ విడిగా మార్చడం కుదురుతుందేమో ఆటో ఎలక్ట్రీషియన్‌ను అడగండి. పాత మోడళ్లకు చాలావరకు కుదురుతుంది.

ఇంజిన్ స్టార్ట్ అయ్యాక వస్తే

కీచుమని అరిచి కాసేపటికి తగ్గేది సాధారణంగా ఆల్టర్నేటర్ బెల్టు. వానాకాలంలో ఎక్కువ. పగుళ్లు కనిపిస్తే మార్చడమే. బెల్టు బాగుండి కూడా అరుపు ఆగకపోతే టెన్షనర్ బేరింగ్ చూడాలి. పటపటమని రెక్కలు కొట్టుకున్నట్టు ఉంటే, బండి ఆపేసి, ఫ్యాను దగ్గర ప్లాస్టిక్ కవరో ఎలుక గూడో ఉందేమో చూడండి. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఇది మామూలే.

‘టిక్ టిక్’ శబ్దం రెండు మూడు సెకన్లుండి పోతే పాత ఇంజిన్‌కు అది పెద్ద జబ్బు కాదు, ఆయిల్ పైకి చేరే వ్యవధి. అది రోజురోజుకూ పెరుగుతుంటే డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడండి. నాసిరకం ఆయిల్ ఫిల్టర్ కూడా కారణమవుతుంది. బండి ఆపాక ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే చిన్న రబ్బరు వాల్వు ఫిల్టర్ లోపల ఉంటుంది, అది గట్టిపడితే ప్రతి పొద్దునా అదే సంగీతం.

శబ్దంతో పాటు డాష్‌బోర్డులో నూనె డబ్బా గుర్తున్న ఎర్ర లైటు ఆరకుండా వెలుగుతుంటే మాత్రం వెంటనే ఇంజిన్ ఆపేయండి. ‘షెడ్డు దగ్గరే కదా, మెల్లగా పోదాం’ అనుకోవద్దు. ఆయిల్ మట్టం సరిగ్గానే ఉన్నా లైటు ఆరకపోతే బండిని లాగించుకుని వెళ్లాలి. కింది నుంచి ‘దడ్ దడ్’మని బరువైన శబ్దం వస్తూ, యాక్సిలరేటర్ తొక్కితే పెరుగుతుంటే బేరింగులు దెబ్బతిని ఉండొచ్చు. అప్పుడు కూడా ఇదే మాట.

గొలుసు కదిలినట్టు గలగలమంటే మీ ఇంజిన్‌లో టైమింగ్ చెయినా, బెల్టా తెలుసుకోవాలి. మారుతీ కె సిరీస్ పెట్రోల్ ఇంజిన్లకు, పాత స్విఫ్ట్ 1.3 డీజిల్‌కు చెయిన్ ఉంటుంది. చెయిన్ వదులైతే ఇలా ముందే చెబుతుంది. మారుతీ 800, పాత శాంట్రో లాంటి వాటికి బెల్టు. అది చాలాసార్లు ఏ శబ్దమూ లేకుండానే తెగుతుంది, తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు వంగిపోతాయి. శబ్దం రాలేదు కదా అని ధీమా పడకుండా, మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్లకు మార్పించుకోవాల్సిందే.

నీళ్లలో మునిగిన బండి

2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో విజయవాడ బుడమేరు వరదలో ఎన్నో కార్లు మునిగాయి. అలాంటి బండికి శబ్ద పరీక్షలేవీ పెట్టకండి. తాళమే తిప్పొద్దు. సిలిండర్‌లో చేరిన నీటిని పిస్టన్ నొక్కలేదు. ‘ఠప్’మని ఒక్క శబ్దంతో కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నీళ్లలో స్టార్ట్ చేయబోయి ఇంజిన్ పాడైతే, ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ లేని పాలసీల్లో క్లెయిమ్‌ను చాలా బీమా కంపెనీలు తిరస్కరిస్తాయి. బ్యాటరీ నెగటివ్ తీసి, ఫొటోలు తీసుకుని, ముందు కంపెనీకి ఫోన్ చేయండి.

పదిహేనేళ్లు దగ్గరపడిన బండి అయితే

సొంత కార్ల ఆర్‌సీ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో ఈ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది, గ్రీన్ ట్యాక్స్ అదనం. అంత కట్టే ముందే ఇంజిన్ శబ్దాల సంగతి తేల్చుకోవడం మేలు. గడువు దగ్గరపడిన కార్లు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతాయి కాబట్టి కొనేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. చూడటానికి వెళ్లినప్పుడు ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉందంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. మాటా మంతీ తర్వాత, రేపు పొద్దున్నే వస్తాం, అప్పటిదాకా బండి తీయొద్దని చెప్పి వచ్చేయండి.